దాడి చేసింది సొంత దేశస్థుడే అయినప్పుడు నాయకుడు ఏమనాలి? స్పందనల పోలిక, ఎంపిక సలహా

సరిహద్దు అవతలి నుంచి వచ్చిన దాడి తర్వాత దేశాధినేత ప్రసంగం రాయడం ఒక విధంగా సులువే. 'మనం' ఎవరో, 'వాళ్లు' ఎవరో భూపటమే గీత గీసి చెబుతుంది. చంపినవాడు, చనిపోయినవారు, టీవీ ముందు కూర్చుని ఆ ప్రసంగం వింటున్నవారు అందరూ ఒకే దేశానికి చెందినప్పుడు మాత్రం ఆ గీతను నాయకుడే గీయాల్సి వస్తుంది. అదీ మృతుల లెక్క తేలకముందే, దుండగుడు ఒక్కడా పదిమందా అన్నది పోలీసులకే తెలియకముందే, కొన్ని గంటల వ్యవధిలో గీయాలి. అలాంటి గంటల్లో వివిధ దేశాల నాయకులు ఎంచుకున్న దారులను పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. ప్రభుత్వ కార్యాలయాల్లో ప్రకటనలు రాసేవారికి, వాటిని బేరీజు వేయాల్సిన విలేకరులకు, రాజనీతిశాస్త్ర విద్యార్థులకు ఇది ఉపయోగపడవచ్చు.

ఈ విషయం మీద చర్చలు చాలావరకు 'కఠినంగా మాట్లాడాలా, సంయమనం పాటించాలా' అన్న ప్రశ్నతో మొదలవుతాయి. నా దృష్టిలో ఆ ప్రశ్నే దారి తప్పిస్తుంది. కఠినమైన మాటల్లోనూ కాలానికి నిలిచినవి ఉన్నాయి, మెత్తని మాటల్లోనూ కూలిపోయినవి ఉన్నాయి. అడగాల్సింది వేరు: ఈ వాక్యాన్ని కొన్నాళ్ల తర్వాత విచారణ కమిషన్ నివేదిక పక్కన, కోర్టు తీర్పు పక్కన పెట్టి, మృతుల కుటుంబాల ఎదుట తలెత్తుకుని మళ్లీ చదవగలమా?

## ముందుగా కొలబద్దలు

అన్నిటికన్నా ముందుది ఆధారం. దీనికి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ కన్నా మంచి పాఠం లేదు. 2004 మార్చి 11 ఉదయం అక్కడి లోకల్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. సార్వత్రిక ఎన్నికలకు అప్పటికి మూడు రోజులే గడువుంది. ప్రధాని అజ్నార్ ప్రభుత్వం ఈ పని దేశంలోని బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏదేనని ప్రకటించింది. ప్రధాని స్వయంగా పత్రికా సంపాదకులకు ఫోన్ చేసి అదే చెప్పారు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సైతం అదే రోజు ఆమోదించిన 1530వ తీర్మానంలో ఈటీఏ పేరు రాసింది. ఆ సాయంత్రానికే డిటొనేటర్లు, అరబిక్ టేపు ఉన్న వ్యాను దొరికిందన్న సంగతి బయటికి వచ్చినా ప్రభుత్వం తన మాటను వెంటనే వదులుకోలేదు. 14వ తేదీన అధికార పార్టీ ఓడిపోయింది. దాడి చేసింది ఇస్లామిస్టు ముఠా అని తేలింది. దాడిని ఆపలేకపోయినందుకు కన్నా, దాడి గురించి చెప్పిన మాటకే ప్రజలు శిక్ష వేశారని అప్పట్లో చాలామంది భావించారు. 'ఎవరు చేశారో ఇంకా తెలియదు' అనడం ఏ నాయకుడికీ నచ్చదు; అయినా ఆ వాక్యం వల్ల ఎవరూ ఎన్నికలు ఓడిపోయిన దాఖలా నాకు కనిపించలేదు.

రెండవది, నాయకుడు ఎవరితో మాట్లాడుతున్నాడన్నది. దేశం మొత్తంతోనా, లక్ష్యంగా మారిన సమూహంతోనా, దుండగుడు పుట్టుకొచ్చిన సమూహంతోనా, లేక తన సొంత అనుచరులతోనా? ఒక్కొక్కరు వినాలనుకునే మాట ఒక్కొక్కటి.

మూడవది, దుండగుడికి దక్కే వేదిక. ఉగ్రవాదులకు అందే ప్రచారమనే ప్రాణవాయువును అందకుండా చేయాలని బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1985లో అన్నారు. ఆమె ప్రభుత్వమే 1988లో ఉత్తర ఐర్లండ్‌లోని కొన్ని సంస్థల ప్రతినిధుల గొంతు ప్రసారం కాకూడదని నిషేధం పెట్టింది. ప్రసార సంస్థలు ఆ ప్రతినిధుల బొమ్మ చూపిస్తూ, వారి మాటలకు నటులతో డబ్బింగ్ చెప్పించాయి. 1994 వరకు ఈ తంతు సాగింది. వేదిక తగ్గించడం మంచిదే గాని, చట్టంతో నోరు మూయించబోతే నవ్వులపాలు కావచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

నాలుగవది, మాట వెనుక వచ్చే అధికారం. 'యుద్ధం' అన్న మాట వెనుక అత్యవసర చట్టం వస్తుంది, 'నేరం' అన్న మాట వెనుక పోలీసు దర్యాప్తు వస్తుంది. మాట వెనక్కి తీసుకోవచ్చేమో గాని చట్టం అంత తేలిగ్గా వెనక్కి పోదు. ఇక చివరిది, ప్రభుత్వం చేసిన తప్పుకు ఆ ప్రకటనలో చోటు మిగిలిందా అన్నది. మొదటి రోజే 'మా యంత్రాంగం చేయగలిగినదంతా చేసింది' అని రాసేస్తే, తర్వాత నిజం బయటపడినప్పుడు అడుగు వెనక్కి వేయడానికి నేల ఉండదు.

'పిరికిపందల చర్య', 'తీవ్రంగా ఖండిస్తున్నాం', 'దోషులను వదిలిపెట్టం' వంటి అరిగిపోయిన మాటలు ఈ ఐదు కొలబద్దల్లో దేనికీ అందవు. అవి ఉన్నా నష్టం లేదు, లేకపోయినా లోటు లేదు.

## ఒక్క చూపులో

| స్పందన | మొదటి వారంలో దక్కేది | తర్వాత తీర్చాల్సిన బాకీ | నమూనా |
|---|---|---|---|
| నేరంగా చూసి దర్యాప్తుకు వదలడం | తప్పు మనుషుల మీద అనుమానం పడకుండా కొంత రక్షణ | వెనుక ఉన్న భావజాలం గురించి ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడక తప్పదు | అమెరికా, 1995 |
| మరింత ప్రజాస్వామ్యం, మరింత నిష్కాపట్యం | ప్రతీకార వాంఛ చల్లబడటం | భద్రతా లోపాల మీద కచ్చితమైన జవాబు | నార్వే, 2011 |
| బాధిత సమూహాన్ని కేంద్రంలో నిలపడం | లక్ష్యంగా మారినవారికి ధైర్యం | మాటకు తగ్గ చట్టం, సాయం, సొంత లోపాల విచారణ | న్యూజిలాండ్, 2019 |
| యుద్ధ భాష, అత్యవసర అధికారాలు | ప్రభుత్వం కదిలిందన్న నమ్మకం | అధికారాలను వెనక్కి ఇవ్వడం, అమాయకుల అరెస్టులకు జవాబు | కెనడా 1970, బ్రిటన్ 1974, ఫ్రాన్స్ 2015 |
| పని ఆగదన్న ధిక్కారం | స్థైర్యం | పెద్దగా ఏమీ లేదు, అయితే అందరికీ అమరదు | బ్రిటన్, 1984 |
| నిందను పంచడం, సొంతవారికి సర్దిచెప్పడం | అనుచరుల మద్దతు | ఏళ్లు గడిచినా తీరనిది | అమెరికా 2017, భారత్ 1984 |
| క్షమాపణ | మొదటి వారంలో సాధారణంగా సాధ్యం కాదు | చేసిన వాగ్దానాలన్నీ | జర్మనీ, 2012 |

## నేరంగా చూడటం: ఓక్లహోమా తర్వాత క్లింటన్

1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలోని సమాఖ్య ప్రభుత్వ భవనం ముందు ట్రక్కు బాంబు పేలి 168 మంది మరణించారు. వారిలో 19 మంది పిల్లలు. మొదటి గంటల్లో టీవీ చానళ్ల అనుమానమంతా మధ్యప్రాచ్యం మీదే. ఓక్లహోమా నుంచి ప్రయాణమైన ఒక అరబ్ అమెరికన్ పౌరుణ్ణి లండన్‌లో ఆపి, వెనక్కి పంపించి ప్రశ్నించారు కూడా. అధ్యక్షుడు క్లింటన్ అదే మధ్యాహ్నం మాట్లాడుతూ దీన్ని అమాయకులైన పిల్లల మీద, పౌరుల మీద జరిగిన దాడి అన్నారు, చేసినవారు హంతకులని అన్నారు, వారికి న్యాయం ముందు శిక్ష తప్పదన్నారు. ఏ దేశం పేరూ, ఏ మతం పేరూ ఎత్తలేదు. ముందస్తు నిర్ధారణలకు రావద్దని ఆ తర్వాతి రోజుల్లోనూ కోరారు. చివరికి దొరికినవాడు అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన టిమొతీ మెక్‌వే.

ఈ దారిలో ఒక చిక్కుంది. నిందితుడి నేపథ్యం తెలిసిన తర్వాత కేవలం 'నేరం' అనడం చాలదు, ప్రభుత్వ ద్వేషం అనే భావజాలం గురించి మాట్లాడాల్సి వస్తుంది. క్లింటన్ వారం తిరగకముందే రేడియోల్లో ద్వేషాన్ని రెచ్చగొట్టే గొంతుల గురించి మాట్లాడారు, దాంతో ప్రత్యర్థులు ఈ విషాదాన్ని రాజకీయానికి వాడుకుంటున్నారని విరుచుకుపడ్డారు. మే 5న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో చెప్పిన మాట దీనికన్నా బాగా కుదిరింది: దేశాన్ని ప్రేమిస్తున్నానంటూ ప్రభుత్వాన్ని అసహ్యించుకోవడం దేశభక్తి కాదన్నారు. రెండు సందర్భాల్లోనూ విషయం ఒకటే. మొదటిసారి వేలు ఇతరుల వైపు చూపించినట్టు వినిపించింది, రెండోసారి వాదన వినిపించింది.

'నేరం' భాష ఎంచుకున్నంత మాత్రాన చట్టం మెత్తగా ఉంటుందనుకోకూడదు. ఏడాది తర్వాత, 1996 ఏప్రిల్ 24న, క్లింటన్ సంతకం చేసిన ఉగ్రవాద నిరోధక చట్టం శిక్ష పడిన ఖైదీలు సమాఖ్య కోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్ (తమ నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోరేది) వేసుకునే హక్కును బాగా కుదించింది. ఓక్లహోమాతో ఏ సంబంధమూ లేని వేలాది ఖైదీల మీద దాని ప్రభావం పడింది.

## నిష్కాపట్యం: ఓస్లో తర్వాత స్టోల్టెన్‌బర్గ్

2011 జులై 22న ఓస్లో ప్రభుత్వ భవనాల దగ్గర పేలిన బాంబుకు ఎనిమిది మంది, ఆపై ఉటోయా దీవిలో లేబర్ పార్టీ యువజన శిబిరం మీద జరిగిన కాల్పుల్లో 69 మంది బలయ్యారు. ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్‌కు ఆ శిబిరం పరాయిది కాదు, ఆయన పార్టీ పిల్లలే అక్కడ చనిపోయారు. ఆ రాత్రి నుంచే ఆయన హింసకు జవాబు మరింత ప్రజాస్వామ్యం, మరింత నిష్కాపట్యం అంటూ వచ్చారు. 24న ఓస్లో కెథడ్రల్‌లో ఆ వాక్యానికి ఇంకో ముక్క చేర్చారు: మరింత మానవత్వం, కానీ అమాయకత్వం మాత్రం ఎన్నటికీ కాదు. మర్నాడు ఓస్లో వీధుల్లోకి రెండు లక్షల మంది దాకా గులాబీలు పట్టుకుని వచ్చారు.

ప్రపంచమంతా మెచ్చుకున్న మొదటి సగం కన్నా ఆ చివరి ముక్కే, నా లెక్కలో, ఈ ప్రకటనకు ప్రాణం. 2012 ఆగస్టు 13న వెలువడిన జులై 22 కమిషన్ నివేదిక నిర్మొహమాటంగా ఉంది: ప్రభుత్వ భవనాల మీద దాడిని అప్పటికే నిర్ణయించిన భద్రతా చర్యలు అమలు చేసి ఉంటే నివారించగలిగేవారు, పోలీసులు దీవికి ఇంకా ముందే చేరుకోగలిగేవారు అని తేల్చింది. కొద్దిరోజుల్లో పోలీసు అధిపతి రాజీనామా చేశారు, బాధ్యత తనదని ప్రధాని ఒప్పుకున్నారు. 'అమాయకత్వం కాదు' అన్న మాట లేకుండా గులాబీలతోనే ఆ ప్రసంగం ముగిసి ఉంటే, ఆ నివేదిక పక్కన అది వెలవెలబోయేది.

ఈ దారి మీద మరో విమర్శ నెమ్మదిగా వచ్చింది. దేశమంతా ఒక్కటై దుఃఖించడంలో, ఆ దాడి ఒక రాజకీయ భావజాలం పేరుతో ఒక పార్టీ యువత మీద జరిగిందన్న సంగతి మరుగున పడిందని బతికి బయటపడిన యువకులు తర్వాతి సంవత్సరాల్లో గట్టిగా చెప్పారు. ఐక్యత భాషకు ఉన్న లోపం ఇదే, అందరినీ కలుపుకోబోయి గొడవ ఎక్కడుందో చెప్పడం మరిచిపోతుంది.

## బాధితులను కేంద్రంలో నిలపడం: క్రైస్ట్‌చర్చ్ తర్వాత ఆర్డెర్న్

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని రెండు మసీదుల మీద దాడిలో 51 మంది చనిపోయారు. దుండగుడు ఆస్ట్రేలియా పౌరుడు, అయినా న్యూజిలాండ్‌లోనే నివసించి, అక్కడే లైసెన్సు తీసుకుని, అక్కడే తుపాకులు కొన్నాడు గనుక దీన్ని బయటి దాడిగా చూపించడం కుదరదు. ప్రధాని జసిండా ఆర్డెర్న్ అదే రోజు చనిపోయినవారి గురించి 'వాళ్లు మనమే' అన్నారు. వలసదారులు, శరణార్థులు ఎక్కువగా ఉన్న సమూహం గురించి అంత పొట్టి మాటలో 'మనం' గీతను తిరగగీశారామె. 19న పార్లమెంటులో సలాంతో ప్రసంగం మొదలుపెట్టి, దుండగుడి పేరు తాను ఎన్నడూ పలకనని చెప్పారు.

తలమీద కప్పుకున్న వస్త్రంతో ఉన్న ఆమె ఫొటో ప్రపంచానికి గుర్తుండిపోయింది. ప్రకటనలు రాసేవారు గమనించాల్సింది మాత్రం ఆ ఫొటో పక్కన ఉన్న పొడిపొడి వివరాలను. అంత్యక్రియల ఖర్చు ఎవరు భరిస్తారు, ఇంటి సంపాదనపరుణ్ణి కోల్పోయిన కుటుంబానికి ప్రమాద పరిహార సంస్థ నుంచి ఏం అందుతుంది, వీసా స్థితితో నిమిత్తం లేకుండా ఆ సాయం దక్కుతుందా అన్నవి మొదటి రోజుల్లోనే ఆమె నోటి నుంచి వచ్చాయి. ఆరో రోజున సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల నిషేధం ప్రకటించారు. ఏప్రిల్ 10న పార్లమెంటు 119 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు.

పేరు పలకకపోవడం అన్న పద్ధతికి హద్దులున్నాయి. దుండగుడు ప్రత్యక్ష ప్రసారం చేసిన వీడియో ప్రతులను మొదటి 24 గంటల్లో 15 లక్షల దాకా తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. నాయకురాలు నోరు మూసుకున్నంత మాత్రాన అంతర్జాలం మూసుకోదని ఆమెకూ అర్థమైంది గనుకే, రెండు నెలల తర్వాత పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడితో కలిసి ఆన్‌లైన్ ఉగ్రవాద ప్రచారం మీద 'క్రైస్ట్‌చర్చ్ పిలుపు' ప్రారంభించారు. 2020 డిసెంబరులో రాయల్ కమిషన్ నివేదిక వచ్చినప్పుడు తుపాకీ లైసెన్సు జారీలో పోలీసుల లోపాలు, నిఘా సంస్థలు ఒకే రకం ముప్పు మీద చూపు నిలిపిన తీరు బయటపడ్డాయి. ఆర్డెర్న్ క్షమాపణ చెప్పారు. 'వాళ్లు మనమే' అన్న నాయకురాలికి క్షమాపణ ఆ వాక్యానికి కొనసాగింపుగా వచ్చింది, మాట మార్చినట్టు అనిపించలేదు.

## యుద్ధ భాష

ఈ ఎంపికకు ప్రజల నుంచి తక్షణం మద్దతు దొరుకుతుంది. 1970 అక్టోబరులో క్విబెక్ వేర్పాటువాద సంస్థ ఎఫ్ఎల్‌క్యూ ఒక బ్రిటిష్ దౌత్యవేత్తను, ఒక రాష్ట్ర మంత్రిని అపహరించినప్పుడు, ఎంతదూరం వెళ్తారని విలేకరి అడిగితే కెనడా ప్రధాని పియర్ ట్రూడో 'చూస్తూ ఉండండి' అన్నారు. మూడు రోజులకు, 16న, యుద్ధకాల చర్యల చట్టం అమల్లోకి వచ్చింది. అపహరణకు గురైన మంత్రి మర్నాడే శవమై దొరికారు. దాదాపు 500 మందిని అరెస్టు చేశారు, వారిలో అత్యధికుల మీద ఏ అభియోగమూ మోపకుండానే వదిలేశారు. ఆ చట్టాన్ని 1988లో తీసేసి, పార్లమెంటు పర్యవేక్షణ ఎక్కువగా ఉండే అత్యవసర పరిస్థితుల చట్టం తెచ్చుకున్నారు.

బ్రిటన్ కథ ఇంకా చేదు. 1974 నవంబరు 21న బర్మింగ్‌హామ్ పబ్బుల్లో పేలుళ్లకు 21 మంది చనిపోగా, వారం రోజుల్లోనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. ఆ అధికారాలు క్రూరమైనవని, శాంతికాలంలో ఇలాంటివి లేవని బిల్లు తెచ్చిన హోం మంత్రి రాయ్ జెంకిన్సే అన్నారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. తాత్కాలికమన్న ఆ చట్టం రూపాలు మార్చుకుంటూ పాతికేళ్లు బతికింది. అదే కేసులో శిక్ష పడిన ఆరుగురు నిర్దోషులని 16 ఏళ్ల తర్వాత, 1991లో, కోర్టు విడుదల చేసింది. ఆ వేడిలో నాయకులు అన్న ప్రతి మాటా దర్యాప్తు అధికారుల భుజాల మీద బరువుగా కూర్చుంటుంది. ఎవరినో ఒకరిని త్వరగా చూపించాలన్న ఒత్తిడి పెరుగుతుంది.

ఫ్రాన్స్‌లో 2015 నవంబరు 13 దాడుల్లో 130 మంది మరణించిన తర్వాత అధ్యక్షుడు హోలాండ్ 16న వెర్సాయిలో పార్లమెంటు ఉభయసభల ఎదుట 'ఫ్రాన్స్ యుద్ధంలో ఉంది' అని ప్రసంగం ప్రారంభించారు. ఆ దాడి పూర్తిగా దేశీయం కాదు, సిరియాలో పన్నిన పథకం. అయితే అమలు చేసినవారిలో చాలామంది ఫ్రాన్స్, బెల్జియం పౌరులు. అందుకే ఆ ప్రసంగంలో రెండు చూపులు ఉన్నాయి: 'యుద్ధం' అన్న మాట బయటికి చూస్తుంది, ద్వంద్వ పౌరసత్వం ఉన్న ఉగ్రవాదుల ఫ్రెంచి పౌరసత్వం రద్దు చేస్తామన్న ప్రతిపాదన లోపలికి చూస్తుంది. ఆ రెండో చూపే గుచ్చుకుంది. ఫ్రాన్స్‌లోనే పుట్టిన లక్షలాది మందిని రెండో తరగతి పౌరులుగా భావించినట్టు అవుతుందన్న వ్యతిరేకత రేగింది, న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశారు, 2016 మార్చిలో ప్రతిపాదననే విరమించుకున్నారు. అత్యవసర పరిస్థితి మాత్రం 2017 నవంబరు 1 దాకా సాగింది, ముగిసే ముందు అందులోని కొన్ని అధికారాలు మామూలు చట్టంలోకి చేరాయి.

యుద్ధ భాష ఎంచుకోక తప్పదనిపిస్తే, ప్రకటనలోనే గడువు తేదీ రాయండి. గడువు లేని కఠినత్వం ఎవరి చేతుల్లోకి వెళ్తుందో ఊహించలేం.

## పని ఆగదన్న ధిక్కారం

1984 అక్టోబరు 12 తెల్లవారుజామున మూడు గంటలు కావస్తుండగా బ్రిటన్‌లోని బ్రైటన్ పట్టణంలో ఒక హోటల్లో ఐఆర్ఏ (ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ) బాంబు పేలింది. లక్ష్యం ప్రధాని థాచర్. ఆమె బయటపడ్డారు, ఐదుగురు మరణించారు. పార్టీ మహాసభ ఉదయం తొమ్మిదిన్నరకు, అనుకున్న వేళకే మొదలైంది. సభ జరగడమే దాడి విఫలమైందనడానికి రుజువని ఆమె అన్నారు. ఈ స్పందన బలమంతా ఒక్క షరతు మీద ఆధారపడి ఉంది: దాడి తన మీదే జరిగింది. ఇతరుల పిల్లలు చనిపోయినప్పుడు నాయకుడు 'మా పని ఆగదు' అంటే అది స్థైర్యంగా కాక నిర్లక్ష్యంగా వినిపిస్తుంది.

## నిందను పంచడం

2017 ఆగస్టు 12న అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి ఆధిక్యవాదుల ప్రదర్శన సందర్భంగా, వారిని వ్యతిరేకిస్తున్న గుంపు మీదకు ఒకడు కారు తోలి ఒక మహిళను చంపాడు. అధ్యక్షుడు ట్రంప్ మొదట అనేక పక్షాల వైపు నుంచి వచ్చిన ద్వేషాన్ని ఖండించారు. రెండు రోజుల తర్వాత శ్వేతజాతి ఆధిక్యవాద సంస్థ కేకేకే (కూ క్లక్స్ క్లాన్), నియోనాజీల (హిట్లర్ నాజీ భావజాలాన్ని మళ్లీ తలకెత్తుకున్నవారి) పేర్లు చెప్పి ఖండించారు. మూడో రోజు విలేకరులతో వాదిస్తూ ఇరువైపులా చాలా మంచి మనుషులున్నారని అన్నారు. అదే సమావేశంలో నియోనాజీలను ఉద్దేశించి అనడం లేదని కూడా చెప్పారు. ఇన్ని సవరణలు చేసినా ఆయన ఉద్దేశం ఏమిటన్న వాదన ఏళ్లు గడిచినా తెగలేదు. మొదటి ప్రకటన అస్పష్టంగా ఉంటే రెండోది దాన్ని పూర్తిగా సరిదిద్దలేదు, మూడోది రెండోదాన్ని చెరిపేస్తుంది.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులే కాల్చి చంపిన తర్వాత ఢిల్లీలో వేలాది సిక్కులు హత్యకు గురయ్యారు. నవంబరు 19న ప్రధాని రాజీవ్ గాంధీ బహిరంగ సభలో ఆ అల్లర్లను ప్రస్తావిస్తూ, మహావృక్షం కూలినప్పుడు భూమి కొంత కంపించడం సహజమన్న అర్థంలో మాట్లాడారు. తల్లిని కోల్పోయిన కొడుకు మాటగా దాన్ని అర్థం చేసుకోవచ్చునేమో గాని, ఆ వేదిక మీద ఉన్నది ప్రధానమంత్రి. ఇల్లు కాలిపోయిన సిక్కు కుటుంబాలకు ఆ వాక్యం హత్యలను ప్రకృతి ధర్మంగా చెప్పినట్టు వినిపించింది. 2005 ఆగస్టులో మన్మోహన్ సింగ్ పార్లమెంటులో సిగ్గుతో తల వంచుకుంటున్నానని క్షమాపణ చెప్పారు. ఒక ప్రధాని ఒక్క సభలో అన్న మాటకు, అదే పార్టీకి చెందిన మరో ప్రధాని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

## క్షమాపణ

జర్మనీలో 2000 నుంచి 2007 వరకు నియోనాజీ ముఠా ఎన్ఎస్‌యూ పది మందిని చంపింది. వారిలో తొమ్మిది మంది టర్కీ, గ్రీకు మూలాల చిరు వ్యాపారులు, శ్రామికులు. 2011లో ముఠా బయటపడే వరకు పోలీసులు మాదకద్రవ్యాలు, మాఫియా అంటూ మృతుల కుటుంబాలనే అనుమానించారు. 2012 ఫిబ్రవరి 23న బెర్లిన్‌లో సంస్మరణ సభలో చాన్సలర్ మెర్కెల్ ఆ కుటుంబాలను క్షమించమని అడిగారు, పూర్తి నిజం వెలికితీస్తామని మాటిచ్చారు. మొదటి మాట నిలిచింది. రెండోది అంతగా నిలవలేదు: 2018లో ప్రధాన నిందితురాలికి యావజ్జీవ శిక్ష పడినా చాలా ప్రశ్నలు మిగిలాయని కుటుంబాలు అన్నాయి, హెస్సె రాష్ట్ర నిఘా విభాగం తన అంతర్గత నివేదికను మొదట 120 ఏళ్లు రహస్యంగా ఉంచాలని నిర్ణయించింది. క్షమాపణలో గతం గురించి ఎంతైనా చెప్పండి, భవిష్యత్తు గురించి మీ చేతిలో ఉన్నంతే చెప్పండి.

## 'ఉగ్రవాదం' అన్న మాట వాడాలా?

కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో ఈ ప్రశ్నకు రెండుసార్లు ఒకే జవాబిచ్చారు. 2017 జనవరి 29న క్విబెక్ సిటీ మసీదులో ఆరుగురిని కాల్చి చంపిన రాత్రే దాన్ని ఉగ్రవాద దాడి అన్నారు. 2021 జూన్‌లో ఒంటారియోలోని లండన్ పట్టణంలో ఒక ముస్లిం కుటుంబాన్ని వాహనంతో తొక్కించి నలుగురిని చంపినప్పుడూ పార్లమెంటులో అదే మాట అన్నారు. మొదటి కేసులో ప్రాసిక్యూషన్ ఉగ్రవాద అభియోగమే మోపలేదు, హత్యానేరాలకే శిక్ష పడింది. రెండో కేసులో 2024లో న్యాయమూర్తి అది ఉగ్రవాదమేనని తేల్చారు.

మొదటిసారి ప్రధాని తొందరపడ్డారనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. రాజకీయ నాయకుడు ఆ మాట అనేది బాధితులకు ధైర్యం చెప్పడానికి, ప్రాసిక్యూటర్ అదే మాట అనేది చట్టంలోని నిర్వచనం రుజువు చేయడానికి. రెండూ ఒకటి కానక్కర్లేదు. అలాగని రెండింటినీ కలిపేయడమూ ప్రమాదమే, విచారణకు ముందే తీర్పు చెప్పినట్టు డిఫెన్సు లాయర్లు వాదించే వీలు కలుగుతుంది. నా సలహా ఏమిటంటే ఆ మాటను చర్యకు అన్వయించండి, వ్యక్తికి అన్వయించడం కోర్టుకు వదిలేయండి. ఒక సమూహం మీద జరిగితే 'ఉగ్రవాదం', మరో సమూహం మీద జరిగితే 'మతిస్థిమితం లేనివాడి పని' అనే అలవాటు ఉంటే మాత్రం, ఏ మాట వాడినా జనం నమ్మరు.

## మీరు ఏ స్థితిలో ఉన్నారు?

దుండగుడు ఎవరో ఇంకా తెలియదా? క్లింటన్ మొదటి రోజు ప్రకటన నమూనాగా పెట్టుకోండి, దాన్ని సగానికి తగ్గించండి.

లక్ష్యంగా మారింది మైనారిటీ సమూహమా? ఆర్డెర్న్ దారి సరిపోతుంది, అయితే సాయం వివరాలు చేతిలో లేకుండా ఆ దారిలో అడుగు పెట్టవద్దు. ఫొటో మాత్రమే మిగిలితే దాన్ని నటన అంటారు.

మీ నాయకుడి పార్టీవారే చనిపోయారా? స్టోల్టెన్‌బర్గ్ పద్ధతి ప్రతీకారాన్ని ఆపుతుంది. దాడి రాజకీయమైనదన్న నిజాన్ని మాత్రం దాచవద్దు.

దుండగుడు మీ నాయకుడి మద్దతుదారుల నుంచే వచ్చాడా? అన్నిటికన్నా కష్టమైన స్థితి ఇదే. మొదటి ప్రకటనలోనే ఆ భావజాలం పేరు చెప్పి ఖండించడం తప్ప పనికొచ్చే దారి ఇంకొకటి నాకు కనిపించదు. మూడు రోజులు ఆగి చెబితే అది ఒత్తిడికి లొంగి చెప్పినట్టే లెక్క.

ముందస్తు హెచ్చరికలు అందినా పట్టించుకోలేదని తెలిసిందా? 2019 ఈస్టర్ నాడు శ్రీలంకలో స్థానిక ముఠా జరిపిన పేలుళ్లలో 250 మందికి పైగా చనిపోయిన రోజే, సమాచారం ముందే వచ్చిందని, అది తన దాకా రాలేదని ప్రధాని విక్రమసింఘె బాహాటంగా అన్నారు. అధ్యక్షుడు సిరిసేన తనకూ చెప్పలేదన్నారు. నిజం బయటపడటం మంచిదే. ఒకే ప్రభుత్వంలోని ఇద్దరు పెద్దలు బాధ్యతను ఒకరి మీద ఒకరు తోసుకోవడం మాత్రం బాధితుల చెవులకు క్షమాపణగా వినిపించదు. 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు సిరిసేనను సొంత డబ్బు నుంచి పది కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించింది.

మీరు ప్రకటన రాసేవారు కాక దాన్ని తూచాల్సిన విలేకరి అయితే, మొదటి రోజు పాఠాన్ని అక్షరం మార్చకుండా దాచి ఉంచుకోండి. దానికి ఎదురుగా పెట్టాల్సిన పత్రం నార్వేలో ఏడాది దాటాక వచ్చింది, న్యూజిలాండ్‌లో 21 నెలలకు వచ్చింది, ఢిల్లీ విషయంలో క్షమాపణ రావడానికి దాదాపు 21 ఏళ్లు పట్టింది.